రెండు కట్టల నారు

"మచ్చలు పడ్డయ్యే అమ్మాయ్," అంది అమ్మ ఫోన్లో. అంతే, పెట్టేసింది. శనివారం పొద్దున్నే వినుకొండలో బస్సెక్కానే గానీ, ఊరు చేరేదాకా నా ప్రాణం నా దగ్గర లేదు.

ముందటేడు అగ్గితెగులు మా వరిని వెన్ను తీసే వేళ మెడ దగ్గర పట్టింది. వెన్నులు నల్లబడి వాలిపోయాయి. నూర్చితే తాలు తప్ప గింజ రాలలేదు. అమ్మ ఆ తాలును దోసిట్లో పట్టుకుని ఊదుతూ కూర్చోవడం చూశాక, పరిశోధనా కేంద్రానికి పోయి ఆ తెగులును తట్టుకునే విత్తనం తెచ్చాను. నేను బడిలో సైన్సు టీచర్ని, తెలిసింది చాటకుండా ఉండలేను. "ఇది అగ్గితెగులుకు లొంగదు" అని పేటంతా చెప్పాను. పేటలో ఆడవాళ్ళు మాటలకు పడేవాళ్ళు కాదు. ఆదివారం ప్రార్థన అయ్యాక వచ్చి చేను చూస్తామన్నారు. చేను శుభ్రంగా ఉంటే వచ్చే ఏడు అందరూ మా విత్తనమే వేస్తారు. మచ్చ కనపడిందా, మళ్ళీ ఆ పాత రకమే, మళ్ళీ ఆ తాలే.

గట్టెక్కగానే కనిపించాయి. ఆకుల మీద నూలు కండె ఆకారపు మచ్చలు, మధ్యలో బూడిదరంగు, చుట్టూ గోధుమరంగు అంచు. బోర్డు మీద నేను వేసే బొమ్మలో ఉన్నట్టే ఉన్నాయి. ఒళ్ళు మండిపోయింది.

"యూరియా ఎంత చల్లావమ్మా?" అని అరిచాను. "పక్క చేను ఏపుగా ఉందని గుప్పిళ్ళకు గుప్పిళ్ళు విసిరావు గదా! యూరియా ఎక్కువైతే తెగులు ముదురుతుందని చిలక్కి చెప్పినట్టు చెప్పాను!"

అమ్మ మారు మాట్లాడలేదు. మా అమ్మ ఒక మాటకు పది అనే మనిషి. ఊరుకుందంటే తప్పు ఒప్పుకున్నట్టే అనుకుని ఇంకో నాలుగు అన్నాను.

ఇంతలో పక్క చేను బాబాయి వచ్చాడు. వారం రోజులుగా మిరపతోటలోనే ఉన్నాడు, వరి మొహం చూడలేదు. పురుగుమందు వాసన ఇంకా ఒంటి మీదే ఉంది.

"ఏమ్మాయ్, నీ సైన్సు వరిక్కూడా అగ్గి తగిలిందా?" అని నవ్వాడు.

ఆ నవ్వు తట్టుకోలేక చెప్పులు విప్పి చేలోకి దిగాను. పది బారలు పోయాను. మచ్చ లేదు. ఇంకో పది పోయాను. లేదు. ఆకులు తిప్పి తిప్పి చూశాను, చేను మధ్యలో ఒక్కటంటే ఒక్కటి లేదు. మచ్చలన్నీ కాలువ పక్క మూలలోనే. అవి కూడా గీత గీసినట్టు ఒక వరుస దగ్గర ఆగిపోయాయి. ఆ వరుసకు అవతల, మూలలోని మొక్కలు మిగతావాటి కంటే బెత్తెడు ఎత్తు కూడా ఉన్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది. నాట్ల రోజు ఆ మూలకు నారు చాల్లేదు. మా వైపు నాట్లయ్యాక మిగిలిన నారు గట్టు మీదే వదిలేస్తారు. తక్కువైనవాళ్ళు తీసుకెళ్ళి నాటుకుంటారు. అడిగేది లేదు, ఏ రకమని చూసేది లేదు. కూలీలు వెళ్ళిపోతారన్న కంగారులో బాబాయి వాళ్ళ గట్టు మీది రెండు కట్టలు మోసుకొచ్చి ఇచ్చింది నేనే.

"దొరికింది!" అని చేలోంచే కేకేశాను. "మన విత్తనం గట్టిదేనమ్మా! ఈ మూలది బాబాయి నారు! తెగులంతా దానికే!"

గట్టు మీద కూర్చున్న అమ్మ దిగ్గున లేచింది. "నోర్ముయ్యవే," అంది గొంతు తగ్గించి.

బాబాయి నవ్వు ఆగిపోయింది. మా మూల వైపు చూశాడు, తన చేను వైపు చూశాడు. మేం నాటింది రెండు కట్టలు. ఆయన చేను మొత్తం అదే నారు. రేపో మాపో వెన్ను తీసే చేను. స్ప్రేయర్ కోసం ఇంటికి పరిగెత్తాడు.

"నాకు నిన్ననే తెలిసిందే," అంది అమ్మ. "అది తెచ్చింది నువ్వని చెబితే నీకు తలవంపులు. ఆయన నారని చెబితే, ఊరికే ఇచ్చినోణ్ణి తప్పు పట్టినట్టు. మందు కొట్టుకోమని మెల్లిగా చెబుదామని రెండుసార్లు వాళ్ళింటికి పోయా, మనిషి దొరకలా. గొంతేసుకుని అరుస్తావని తెలిసీ నీకు ఫోన్ చేశా చూడు, నాదీ బుద్ధి తక్కువ."

సిగ్గుతో చచ్చిపోయాను. ఇద్దరం ఆ మూలంతా కోసి గోతిలో పూడ్చాం. మర్నాడు ఆడవాళ్ళకు ఆ బోసి మూల చూపించి, నేను చేసిన పని చెప్పాను. వాళ్ళు చేనంతా తిరిగి చూసి, తమకూ విత్తనం అట్టే పెట్టమన్నారు.

బాబాయి రెండుసార్లు మందు కొట్టాడు. అయినా సగం వెన్నులు విరిగాయి. నూర్పిళ్ళయ్యాక గోనెసంచీ మడిచి చంకలో పెట్టుకుని, విత్తనం కోసం అందరికంటే ముందు వచ్చింది ఆయనే. నేను వాకిట్లోనే నిలబడి ఉన్నాను. నన్ను దాటుకుని లోపలికి పోయి అమ్మను అడిగాడు.