దాదర్‌లో లేని ఇల్లు

ఈ పొద్దున మా మనవరాలు నీళ్ల సీసా మీది కాగితాన్ని గోరుతో గీకి తీస్తోంది. రేపు ఇంగ్లీషు పరీక్ష. లోపలికి తీసుకుపోయే సీసా మీద ఒక్క అక్షరం కూడా ఉండకూడదట. ఇది రెండోసారి. మొదటిసారి ఆ కాగితం పీకింది నేనే. అసలు ఆ పిల్లకు ఇంగ్లీషు నేర్పిందే నేను. కామాఠిపుర గల్లీలన్నీ వెతికినా, నలభై ఏళ్లు పెద్దపెద్ద సాహెబులతో ఇంగ్లీషులో మాట్లాడినవాడు నేను తప్ప ఇంకొకడు దొరకడు.

సరే, కొంచెం తగ్గిస్తాను. ఫోర్ట్‌లో ఒక ఆఫీసులో లిఫ్టు నడిపేవాణ్ణి. నా ఇంగ్లీషు కింద మొదలై ఆరో అంతస్తులో అయిపోయేది: గుడ్ మార్నింగ్ సార్, విచ్ ఫ్లోర్ సార్, డోర్ సార్. పిల్లేమో ఆస్పత్రిలో నర్సు. డాక్టర్లతో రోజంతా మాట్లాడేది ఇంగ్లీషే, ఇంటికొచ్చి నా మీద విసుక్కునేదీ అందులోనే. ఈ పరీక్ష గట్టెక్కితే చాలు, విదేశంలో నర్సు ఉద్యోగం ఖాయమన్నారు. ఆమెకు నా చదువు ఎందుకు? అయినా పోయినసారి మా చాల్ గదుల ముందున్న గ్యాలరీలో కుర్చీ వేసుకుని, పరీక్ష చేసే దొరసానిలా కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను.

"వేర్ డూ యూ లివ్?"

"కామాఠిపుర."

"ఛత్! కొట్టెయ్ అది. దాదర్ అను."

"ఎందుకు తాతా? పుట్టింది ఈడనే గదా?"

"పుడితే పుట్టినవ్ తియ్. ఎవలన్న చెప్పుకుంటరా?"

ఇది నా ఒక్కడి తెగులు కాదు. తెలుగు ఊళ్ల నుంచి వచ్చి రాళ్లు మోసి ఈ పట్నాన్ని కట్టినవాళ్ల మనవలం మేం, ఎవరడిగినా పక్క స్టేషన్ పేరు చెప్పి గ్రాంట్ రోడ్ అంటాం. మా గల్లీ పేరు వింటే జనానికి మేం గుర్తురాం, రాత్రిళ్లు దీపాల కింద బేరానికి నిలబడే ఆడవాళ్లు గుర్తొస్తారు. ఒకనాడు లిఫ్టులో టైపిస్టమ్మ అడిగితే నోరుజారి నిజం చెప్పాను. మర్నాటి నుంచి ఆమె నాలుగంతస్తులూ మెట్లెక్కే పోయింది, మోకాళ్ల నొప్పులతో సహా. నేను రిటైరయ్యేదాకా అంతే.

అందుకని, దాదర్‌లో తెలుగువాళ్ల సభకు పోయినప్పుడు ఎదురుగా చూసిన ఒక మేడను మనవరాలికి రాసిచ్చేశాను. రెండో అంతస్తు, మల్లెతీగ పాకిన బాల్కనీ, పక్కింట్లో వీణ వాయించే ఆవిడ. వీణ నేను కల్పించిందే. ఆ మేడ గేటు కూడా నేను దాటలేదు. పదిరోజులు వల్లె వేయించాను. పరీక్షనాటి పొద్దున వాళ్లమ్మ నోట్లో చక్కెర పోసి పంపుతుంటే, అప్పుడు కూడా వదల్లేదు, "బాల్కనీ ఏ దిక్కు?" అన్నాను. "తూర్పు" అంది పిల్ల, చెప్పుల్లో కాళ్లు దూరుస్తూ.

చదవడం, రాయడం, వినడం అన్నీ దాటింది. మాట్లాడటంలో అరమార్కు తక్కువైంది. ఆ ఉద్యోగం ఇంకెవరికో పోయింది. పిల్ల ఏడవలేదు. తెల్లచీర ఇస్త్రీ చేసుకుని డ్యూటీకి వెళ్లిపోయింది. అలా ఏడ్వకుండా వెళ్లినందుకే ఆ రోజు నాకు ముద్ద దిగలేదు. నలభై ఏళ్లలో నాకు అలవాటైన అబద్ధం, ఆ పిల్లకు పదిరోజుల్లో అలవాటవుతుందనుకున్నాను.

ఇప్పుడు ఇంకెక్కడో ఖాళీ ఉందట, మళ్లీ కూర్చుంటోంది. ఈసారి నన్ను కుర్చీ వేసుకోనివ్వలేదు. ఊరుకుంటానా? ఇందాక పక్క ఖోలీ ఆమె గడపలో నిలబడి, "పోయినసారి ఏమయిందే పిల్లకు?" అని అడిగితే అందుకున్నాను: "ముగ్గురు తెల్లోళ్లు చుట్టూ కూసున్నరమ్మా, అన్నీ వంకర ప్రశ్నలే! డాక్టరైనా చెప్పలేడు."

మనవరాలు తల ఎత్తకుండానే అంది.

"ముగ్గురు లేరు తాతా. ఒక్కతే ఉండె, మనదేశపామెనే. మంచిగ నవ్వుకుంట, మీ ఇంట్ల నీకిష్టమైన జాగా ఏది, ఎందుకిష్టం అని అడిగింది. ఆ దాదర్ ఇంట్ల నాకే జాగా తెలుసు? ఈ గ్యాలరీ గురించయితే, ఆమె బస్, ఇగ చాలు అన్నా నేను చెప్తనే ఉంటుంటి."