కొట్టివేసిన మాట

కిందటి ఎన్నికల ముందు, సికింద్రాబాద్ స్టేషన్‌లో లోకల్ రైలు కోసం కూర్చున్నప్పుడు పక్కనున్న ఆమె నా జేబులోని పెన్ను అడిగింది. వయసు యాభై దాటి ఉంటుంది. మెడలో దర్జీ టేపు. నోటుపుస్తకంలో కొత్త పేజీ తీసి, పైన తేదీ వేసి, దాని కింద గీత గీసింది. నేనూ రోజూ నా డైరీలో అలాగే గీస్తాను.

“డైరీనా అమ్మా?” అన్నాను.

“కాదు పెద్దసారూ. మా బోయిగూడ బస్తీల పెద్దోళ్లకు చదువు చెప్పే క్లాసు బందు పెట్టిర్రు. ఓటడగనీకి ఎవరొచ్చినా, గెలిస్తే మళ్ల షురూ చేస్తమని ఈ బుక్కుల రాయిస్తున్న.”

“రాస్తున్నారా?”

“నోటితోని జల్ది చెప్తరు. పెన్నిస్తే పరేషాన్ అయితరు.”

ఆమె చూపిన పేజీలో ‘పరిశీలిస్తాం’ అన్న మాట కొట్టేసి, పైన ‘మళ్లీ ప్రారంభిస్తాం’ అని రాసి ఉంది. కింద సంతకం.

“ఈ సంతకం పెట్టినాయన నాకు చదువు రాదనుకున్నడు. అందరి ముంగట చదివిన. నోటితోని చెప్పిందే రాయి బిడ్డా అన్న.”

“ఆ క్లాసులోనే నేర్చుకున్నారా?”

“అవు సార్. నా ఎనక చేరినోళ్లు గుణింతాల కాడనే ఆగిపోయిర్రు. అదే నా తక్లీఫ్.”

రైలు వచ్చింది. పెన్నుకు మూత పెట్టి ఇచ్చి, ఆడవాళ్ల పెట్టె వైపు నడిచింది. ఆమె పేరు నేను అడగలేదు.

ఆ ఆదివారం మారేడ్‌పల్లిలో మా ఇంటికి ఓటు అడగడానికి వచ్చినవారిని పెద్దవాళ్ల చదువు క్లాసులు మళ్లీ పెడతారా అని అడిగాను. తప్పకుండా అన్నారు. డైరీలో ఆనాటి పేజీ తెరిచి, పెన్ను ఇచ్చాను. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి నేను రాస్తున్న డైరీల్లో మరొకరి చేతిరాత ఉన్న పేజీ అదొక్కటే.