నానీ ఇంటి మెట్లెక్కిన బర్రెలు

నా చిన్నప్పుడు మా కార్వాన్‌ బస్తీలో వాన పడితే పిల్లలం ఎగిరి గంతులేసేవాళ్ళం, పెద్దవాళ్ళు మాత్రం మాటిమాటికీ మూసీ వైపు చూసేవారు. ఎండాకాలంలో ఆ మూసీలో నీళ్ళకంటే చెత్తే ఎక్కువ. అటువంటి నదికి భయపడేదేమిటని నాకు నవ్వు వచ్చేది. ఒక శ్రావణంలో ముసురు పట్టి వదలకుండా కురిసిన వాన ఆ నవ్వును పట్టుకుపోయింది.

మాది పాల ఇల్లు. నది ఒడ్డునే కొట్టం. ఆ పొద్దున బర్రెలు చేపలేదు. పొదుగులు నిండుగా ఉన్నాయి, దుడ్డెలను విడిచి చూశారు, అయినా ఒక్క చుక్క వదలలేదు. చెవులు నిక్కించి నీటి వైపే చూస్తూ నిలబడ్డాయి. మా బాపు ఖాళీ చెంబుతో బయటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. కాసేపటికి ఎలుకలు నది వైపు నుంచి సందులోకి పరుగెత్తుకొచ్చాయి. ఎదురింటి పిల్లి గోడ మీద నుంచి వాటిని చూస్తూనే ఉంది గాని ఒక్కదాన్నీ పట్టలేదు. అది చూశాక నాకు మొదటిసారి భయం వేసింది.

మా సందులో ఎత్తు మీద ఉన్న ఇల్లు ఒక్కటే. పాతకాలపు రాతి ఇల్లు, వెడల్పాటి మెట్లు, పైన పెద్ద వాకిలి. ఆ ఇంటి ముసలమ్మను సందంతా నానీ అనే పిలిచేది. పై గదిలో మెదక్ వైపు నుంచి వచ్చిన టీచరమ్మ అద్దెకు ఉండేది. మధ్యాహ్నానికి నీళ్ళు కొట్టంలోకి రాగానే నానీ మెట్ల మీద నిలబడి మమ్మల్ని రమ్మని కేకేసింది. తమ్ముడూ నేనూ ముందు ఎక్కాం. బాపు రాలేదు.

"మీరు పోండ్రి. బర్రెల నిడిసి నేనేడికొస్త?" అన్నాడు.

అమ్మ ఏడ్చింది, తిట్టింది, ఒట్టు పెట్టింది. ఎనుబోతు మీద వాన కురిసినట్టే. చివరికి ఏడుస్తూనే పైకి వచ్చి కిటికీ దగ్గర నిలబడింది.

నా ఏడుపు మాన్పించడానికి నానీ కథ మొదలుపెట్టింది. ఏ కథ అనుకున్నారు? నూహ్ నబీ కథ, వరదకు ముందే పడవ కట్టిన ప్రవక్తది! వరదకు భయపడి ఏడ్చే పిల్లకు వరద కథ చెప్పే మనిషిని నేను మళ్ళీ చూడలేదు. దేవుడు ఒక్కడే, చెడ్డ పనులు మానండని నూహ్ నెత్తీ నోరూ కొట్టుకున్నాడట. పొడి నేల మీద పడవ కడుతుంటే ఊరంతా నవ్విందట. పైనుంచి వాన, కింద నేలలోంచి ఊట. పడవ కదిలే వేళ నూహ్ తన కొడుకును పిలిచాడు. వాడు రాలేదు, గుట్ట ఎక్కి బతుకుతానన్నాడు. అంతలోనే ఇద్దరి మధ్యకు ఒక అల వచ్చింది.

నేను గొల్లుమన్నాను. కిందున్న బాపే నా కళ్ళకు ఆ కొడుకులా కనిపించాడు.

"గట్ల గాదు బిడ్డా," అని టీచరమ్మ నన్ను ఒళ్ళోకి లాక్కుంది. "మా బైబిల్ల నోవహు కొడుకులు ముగ్గురూ ఎక్కిన్రు. ఒక్కడు గూడ మునగలే."

నేను ఆ మాటను గట్టిగా పట్టుకున్నాను. టీచరమ్మ కథే నిజమన్నాను. నానీ కోప్పడలేదు. టీచరమ్మ మెల్లగా నాకు విడమరిచి చెప్పింది. ఈ కథ ముందు యూదుల గ్రంథంలోది, వాళ్ళ తర్వాత తమకు, ఆ తర్వాత నానీ వాళ్ళకు వచ్చింది. ముగ్గురికీ దేవుడు ఒక్కడే, ముగ్గురూ తమ మూలపురుషుడని చెప్పుకునేదీ ఒక్కరినే. టీచరమ్మ అబ్రాహాము అంటుంది, నానీ ఇబ్రహీం అంటుంది. ఒక ఊరిని నాశనం చేస్తానని దేవుడన్నప్పుడు, పదిమంది మంచివాళ్ళున్నా విడిచిపెట్టమని ఆయన దేవుడితోనే బేరమాడాడట. మరి నోవహు ఊరివాళ్ళ కోసం ఎందుకు బతిమాలలేదని యూదుల పెద్దలు కొందరు అడుగుతారట.

"మా నూహ్ రాత్రి పగలు పిలిచిండు," అంది నానీ. తర్వాత కిటికీలోంచి కిందికి చూసింది. బాపు మోకాలి లోతు నీళ్ళలో బర్రె మెడ నిమురుతున్నాడు. "నేనైతే ఒక్కసారే పిలిచిన," అని లేచింది.

వాకిట్లో పరిచిన చాపలు తీసేసింది. నమాజు గుడ్డ మడిచి గూట్లో పెట్టింది. చీర కుచ్చెళ్ళు ఎత్తి చెక్కి, పడుతూ లేస్తూ మెట్లు దిగింది. మేమంతా వెనకాలే పరుగెత్తాం.

"బేటా! భైంసోఁకో భీ లేకే ఊపర్ ఆ! బర్రెల గూడ తోల్కరా!"

బాపు తలెత్తాడు. "నీ నమాజు జాగల పేడేస్తయమ్మా."

"పేడ కడిగితే పోతది. నువ్వు పోతే నీ పెండ్లానికి ఏం దెచ్చియ్యాలె?"

అప్పుడు తెలిసింది నాకు. బాపు మొండితనం సగం బర్రెల మీద ప్రేమ, సగం మొహమాటం. ఆ వాకిట్లోకి వాటిని తోలుకురావచ్చా అని అడగడానికి ఆయనకు నోరు రాలేదు.

పలుపులు విప్పాడు గాని బర్రెలు మెట్లెక్కనన్నాయి. ఎంత లాగినా కాళ్ళు నేలకు తన్ని పెట్టి నిలబడ్డాయి. అమ్మ నీళ్ళలోకి దూకినట్టే దిగింది. అన్నింటికంటే చిన్న దుడ్డెను రెండు చేతులా ఎత్తుకుని పైకి నడిచింది. అది అరిచింది. తల్లి బర్రె ముందు కాలు మెట్టు మీద పెట్టింది. దాని వెనక తక్కినవి. అన్నింటికీ వెనక బాపు. ఆయన సగం మెట్లెక్కాడో లేదో, కొట్టం గోడ చప్పుడు లేకుండా వంగి నీళ్ళలోకి కూలిపోయింది. అంతకుముందు బాపు నిలబడ్డ చోట ఎర్రటి నీళ్ళు గిరగిరా తిరిగాయి.

నానీ కూర్చోలేదు. సందులో ఒక్కో ఇంటి పేరూ పట్టి పిలిచింది, గొంతు పోయేదాకా. కోళ్ళతో, కుట్టు మిషన్‌తో, కుంటి అత్తతో జనం ఎక్కారు. పొద్దు గూకేవేళ బర్రెలు చేపాయి. ఆ పాలే పిల్లలందరం తాగాం. నీళ్ళు మాత్రం ఇంకా పెరుగుతూనే ఉన్నాయి, చివరికి పై నుంచి మూడో మెట్టు దగ్గరకొచ్చి ఆగాయి.

ఆ రాతి ఇల్లు ఇప్పుడు లేదు, ఆ ఎత్తంతా చదును చేసిన జాగాలో మేముంటున్న అంతస్తుల భవనం లేచింది. కొడుకు ఎక్కాడా మునిగాడా అన్న తగువు నాకు ఈనాటికీ తేలలేదు. పిలవడమంటే ఏమిటో మాత్రం నానీ దగ్గర నేర్చుకున్నాను. మబ్బు కమ్మితే కిందికి దిగి ఒక్కో తలుపూ తడతాను. "అత్తమ్మా, అందరికి ఫోన్ల మెసేజ్ వస్తది గద," అని మా కోడలు నవ్వుతుంది. నవ్వనీ.

మొన్నటి వానకూ అట్లాగే దిగాను. కింది గదిలో ఒంటరిగా ఉండే ముసలాయన ఎంత పిలిచినా పలకలేదు. నీళ్ళు గడప దాటుతున్నాయి. తలుపు తోసి చూస్తే మంచం మీద చిలక పంజరం పట్టుకుని కూర్చున్నాడు.

"దీన్ని ఇడిసి నేన్రాను," అన్నాడు, నా ముఖం చూడకుండా.

"ఇడ్సి రమ్మన్నదెవరు? ఇటియ్యి," అని పంజరం నేనే అందుకున్నాను.