జానెడు దూరం

పులివెందులలో నేను అద్దెకుంటున్న ఇంటి కింద ఒక టైలరు షాపు ఉంది. ఆదివారం పొద్దున అతను మిషన్‌కు నూనె పోస్తే ఆ వాసన మెట్లెక్కి నా గదిదాకా వస్తుంది. ఆ పూట నాకు అన్నం సయించదు. మస్తాన్ సార్ గుర్తొస్తాడు. ప్రొద్దుటూరులో ఒక బట్టల కొట్టు పైన ఉండే కంప్యూటర్ సెంటర్‌లో ఆయన నాకు జావా నేర్పాడు. ఈరోజు కాలేజీలో అదే పాఠం చెప్పుకుని బతుకుతున్నాను.

ఆయన జమ్మలమడుగులో ఒక దర్జీ కొడుకు. అందుకే ఉదాహరణలన్నీ కుట్టుమిషన్ చుట్టూనే తిరిగేవి. "ప్రోగ్రాములో దర్జీ అని ఒక క్లాసు, అంటే ఒక మూస, రాసినామనుకోండి. దానికి ఇద్దరు పిల్ల క్లాసులు. కొలత తీసేది, కత్తిరించేది తండ్రికాడ ఉంటే పిల్లలు మళ్లా రాసుకునే పనిలే, ఊరికే వస్తాయి. కుట్టేది మాత్రం ఎవరిది వాళ్లు తిరగరాసుకుంటారు. ఒకడు ప్యాంటు కుడతాడు, ఒకతె జాకెట్టు కుడతాది. మీరు 'కుట్టు' అంటే చాలు, ఎవరికొచ్చింది వాళ్లు కుడతారు." ఇన్‌హెరిటెన్స్, పాలీమార్ఫిజం అని పుస్తకం భయపెట్టిన రెండు మాటలూ ఆ పూటే అర్థమయ్యాయి. "తండ్రినుంచి వచ్చిందేదైనా తిరగరాసుకోవచ్చా సార్?" అని అడిగాను. "ఫైనల్ అని రాసి ఉంటే కుదరదు పాపా. ఎట్లొస్తే అట్ల మోయాల్సిందే," అన్నాడు. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు.

ఆయనకొక పద్ధతి ఉండేది. మా వెనక వచ్చి నిలబడి "చదువు" అనేవాడు. ప్రోగ్రామును మొదటి లైను నుంచి గట్టిగా చదవాలి. ఒకసారి తొందరలో ఒక లైను మింగేశాను. "ఆగు. జాకెట్టు క్లాసుకు తండ్రి ఎవరో చదవకుండానే యాడికి పోతాండావు? ఒక్క లైను కూడా దాటొద్దు," అన్నాడు. నాకు ఆయన మాంత్రికుడిలా కనిపించాడు. మెట్లు దిగేటప్పుడు గోడ తడుముకుంటూ నడవడం కళ్లారా చూశాను. చూసి ఏం లాభం, బుర్రకెక్కలేదు.

ఒకరోజు సెంటర్ ఓనరు, "సార్ ఎట్ల చెప్తాండాడు పాపా?" అని అడిగాడు. పొగుడుతున్నానన్న సంబరంలో, "శానా బాగా చెప్తాడన్నా. స్క్రీన్ చూడకుండానే తప్పు పట్టేస్తాడు," అన్నాను. మర్నాడు ఓనరు క్లాసులోకి వచ్చి, ఒక కాగితం సార్ చేతికిచ్చి అందరి ముందూ చదవమన్నాడు. సార్ దాన్ని కాసేపు పట్టుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "కనపడదప్పా," అన్నాడు. ఆ రోజుతో ఆయన పని పోయింది. చాడీలతో కొంపలు కూలడం విన్నాను గానీ, నా మెచ్చుకోలే ఒక మనిషి నోటికాడి కూడు లాగేసింది.

క్షమించమని అడగడానికి జమ్మలమడుగు వెళ్లాను. వసారాలో, చూపు పూర్తిగా పోయిన వాళ్ల నాయన తడుముకుంటూ మిషన్‌కు నూనె పోస్తున్నాడు. నా ఏడుపు విని సార్, "నీ తప్పేముందమ్మా. నాలుగు దినాలు ముందా, ఎనకా," అన్నాడు. గోడవారగా ఆయన ఆరేళ్ల కూతురు కూర్చుని పాఠం చదువుకుంటోంది. సార్ గొంతు తగ్గించాడు. "మా నాయన సూదిని ముక్కుకాడికి తెచ్చుకున్నాడు, ఆడ మొదలైంది. నాకూ పుస్తకంతో అట్లే. పాప సంగతి ఇంట్లో అడిగితే అందరూ బాగుందంటారు. నువ్వు చూసింది చూసినట్టు చెప్పేదానివి. పుస్తకం ఎంత దూరంలో పెట్టుకోనుండాది?"

పాప ముక్కు అక్షరాలకు ఆనుకుని ఉంది.

"జానెడు దూరంలో సార్," అన్నాను.

ఆయన బొటనవేలూ చిటికెనవేలూ చాపి, గాలిలో ఆ జానెడూ కొలుచుకున్నాడు. "అయితే పర్వాలే," అన్నాడు. అన్ని రోజుల్లో ఆయన ముఖం అంత తేటగా ఎప్పుడూ చూడలేదు.

మళ్లీ ఆ గడప తొక్కే ధైర్యం నాకు రాలేదు. పాపను డాక్టరుకు ఎప్పుడు చూపించారో, ముందే చూపించి ఉంటే చూపు ఏమైనా మిగిలేదో తెలియదు. తెలుసుకోవాలంటే భయం. ఇప్పటికీ ప్రతి ప్రోగ్రామునూ పైకి చదువుతాను, ఒక్క లైనూ దాటను. పిల్లలు నవ్వుకుంటారు, నవ్వుకోనీ. ఆయన నన్ను చదవమన్న చివరి లైను ఒక్కటే నేను దాటేశాను. ఆయన నా మాట నమ్మాడు.