చిన్నాన్న పారిపోలేదు

మొన్న ఆదివారం, మా తాతలు సముద్రం దాటి కూలికొచ్చిన ఈ సుంగై సుమున్‌లో, మా తెలుగు సంఘం హాలు గోడకి పాతతరం వాళ్ళ పటాలు పెట్టడానికి పేర్లు రాస్తున్నారు. మా చిన్నాన్న, అంటే మా నాన్న తమ్ముడు, ఈ తీరం కొబ్బరితోటలన్నిటికీ మొట్టమొదటి హెవీవెయిట్ బాక్సింగ్ ఛాంపియన్. ఆయన పేరు చెప్పగానే సంఘం పెద్ద, నాకు వరసకి మరిది, పెదవి విరిచాడు. "బరిలో పారిపోయినోడికి పటమేటొదినా? నలుగురూ నవ్వుతారు లా!" అన్నాడు, ఇక్కడ అందరూ మాట చివర తగిలించే 'లా' తగిలించి. నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా ఏ మొహంతో తిట్టను? ఆ మాట చిన్నాన్న మొహం మీదే అన్న మొదటి మనిషిని నేనే మరి.

అప్పటికి నాకు పదేళ్ళు. చిన్నాన్న భారీ మనిషి, మా కూలీల లైను ఇంటి గుమ్మంలోంచి పక్కకి తిరిగి రావాల్సిందే. పొద్దంతా కొబ్బరికాయలు ఒలిచి, సాయంత్రం నన్ను సైకిలెక్కించుకుని పక్క తోటలో తెలుగు బడికి తీసుకెళ్ళేవాడు. మావాళ్ళలో చాలామంది అరవంలో కలిసిపోయినా నేనీ నాలుగు ముక్కలు తెలుగులో రాస్తున్నానంటే ఆయన చలవే. బాక్సింగ్ పోటీలు తోట దొర బంగళా ముందు మైదానంలో జరిగేవి. తోట జనానికి ఒకటే తెలుసు: ఒకడు కొట్టాలి, ఒకడు పడాలి, కాస్త నెత్తురు కనబడాలి. మా చిన్నాన్న ఒక్కణ్ణీ పడగొట్టిన పాపాన పోలేదు. వెనక్కి వాలేవాడు, పక్కకి జరిగేవాడు, సందు చూసి ఒక దెబ్బ వేసి మళ్ళీ అందకుండా పోయేవాడు. గెలుపంతా పాయింట్ల మీదే. కప్పు తెచ్చిన మర్నాడు పగటి బళ్ళో పిల్లలు ఏడిపిస్తే, ఆ ఉక్రోషమంతా ఇంటికొచ్చి ఆయన మీద కక్కేశాను. "నువ్వు పారిపోయినోడివి. నీ సైకిలెక్కను!" అన్నాను. ఆయన కోప్పడలేదు. "ఎక్కకపోతే మానె. నడిసెల్దుం పదమ్మా," అన్నాడు. రెండు మైళ్ళు నా వెనకాలే నడిచొచ్చాడు మహానుభావుడు.

ఆ పోటీని దొర తన చిన్న కెమెరాతో తీశాడట. దొర కూతురు ఈమధ్య ఆ ఫిల్మును ఫోనులో చూసుకునేలా చేయించి మా సంఘానికి పంపింది. పంపితే ఎవరు చూశారు గనక! మరిది అన్న మాటకి నేను తల వంచుకుని కూర్చుంటే, నన్ను కారులో తీసుకొచ్చిన నా మనవరాలు దాన్ని తెరిచింది. అది క్లాంగ్ పట్నంలో బాక్సింగ్ నేర్చుకుంటోంది. కాసేపు చూసి గట్టిగా అరిచింది.

"అమ్మమ్మా, ఎవులు సెప్పినారు పారిపోయినాడని? కాళ్ళు సూడు, నేల ఒదల్నేదు. మొకం ఒకటే ఎనక్కి తీస్తన్నాడు. అవతలోడు గాల్ని కొట్టి అలిసిపోతన్నాడు. మా కోచ్ రెండేళ్ళనుంచి ఇదే నేర్పతన్నాడు, నాకు రానేదు లా!"

మరిది ఫోను లాక్కుని కళ్ళజోడు సవరించుకున్నాడు. ఆయనా వయసులో కాయలు ఒలిచినవాడే. నేలలో పాతిన ఇనుప గునపం మీద కాయని గుచ్చి, పక్కకి తిప్పి పీచు ఊడదీయాలి. కాయ మీద బరువు వేయాలి కానీ, రొమ్ము మాత్రం గునపం మీదకి రాకూడదు. జారితే ప్రాణమే పోతుంది. అందుకని బలమంతా నడుములోంచి తీసి మొహాన్ని వెనకే ఉంచుకుంటారు. చాలాసేపు చూసి, "ఒదినా, ఇది కాయ ఒలిసినట్టే ఉందే," అన్నాడు నెమ్మదిగా. మా మగవాళ్ళందరూ రోజూ చేసిన పనే అది. గ్లౌజులు తొడిగేసరికి ఒక్కరూ పోల్చుకోలేకపోయారు! ఆ పద్ధతివల్లే గదా, చిన్నాన్న ముసలితనంలో కూడా సూదిలో దారం ఎక్కించాడు. ఆయన్తో తలపడి, జనం చేత ఈలలు వేయించుకున్న వస్తాదులకి, తలకి తిన్న దెబ్బలవల్ల, అప్పటికే చేతులు వణుకుతున్నాయి.

మరిది మేకూ సుత్తీ తనే అందుకుని, చిన్నాన్న పటానికని నడిగోడకి కొట్టాడు. నేను అందరి ముందూ ఏడ్చాను, సిగ్గేమీ పడలేదు. ఇంటికొస్తుంటే మనవరాలు అడిగింది, "ఆయన ఉండగా సారీ సెప్పినావా అమ్మమ్మా?" చెప్పలేదు. కాలం నిజం చెప్పకుండా పోదు గానీ, వినవలసిన మనిషి లేచి వెళ్ళిపోయాక చెబుతుంది. అది వినడానికి నన్నయినా ఇంకా కూర్చోబెట్టినందుకు ఆ కాలానికో దండం.