నా చర్మానికి నేనిచ్చిన తీర్పు

సొంత మొహాన్ని చేతులారా పాడుచేసుకుని, ఆ మొహంతోనే బ్యూటీ పార్లరు తెరిచిన ఆడది తనకల్లు మండలం మొత్తానికి నేనొక్కదాన్నే. ఈ రికార్డు ఇంకొకరికి దక్కేలా లేదు కాబట్టి కాస్త గర్వంగానే చెబుతాను, వినండి.

అనంతపురంలో మూడు నెలల బ్యుటీషియన్ కోర్సు ముగించి, కిందటేడు మే నెలలో ఊరికి వచ్చాను. చేతిలో సర్టిఫికెట్టు, తలమీద కొమ్ములు. నాయన శనక్కాయ మూటలు పెట్టుకునే ముందు గదిని నాకోసం ఖాళీ చేశాడు. చేస్తూనే ఒక మాట అన్నాడు.

"ఈడ మొహం కడుక్కునేకి నీళ్లు దొరికితే పండగ. నీ దగ్గరికి ఎవరొస్తారు పాపా?"

"చూస్తాండు నాయనా. చర్మమంటే ఏందో ఊరికి నేను నేర్పిస్తా."

ముందు నా చర్మం ఏ రకమో తేల్చుకోవాలనుకున్నాను. పరీక్ష తేలికే, మొహానికి టిష్యూ కాగితం అద్ది చూడటం. పార్లరు సామాన్ల కోసం కదిరికి వెళ్లి, మిట్టమధ్యాహ్నం బస్సు దిగి, కిలోమీటరు నడిచి, గడప దాటగానే అద్దాను. కాగితం ముద్దయి మొహానికే అంటుకుపోయింది. జిడ్డు చర్మమని తీర్పు చెప్పేశాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు, పైగా దానిది జిడ్డు చర్మం.

ఇక వైద్యం మొదలు. రోజుకు ఆరుసార్లు సబ్బు. పొద్దున ముల్తానీ మట్టి, సాయంత్రం అదే మట్టిలో నిమ్మరసం. మంట పుడితే జిడ్డు పారిపోతోందని మురిసిపోయేదాన్ని. వారం తిరిగేసరికి నవ్వడానికి బుగ్గలు ఒప్పుకోలేదు. పదో రోజుకు ముక్కు పక్కన వేయించిన శనక్కాయ పొట్టులాగా పొరలు లేచాయి.

"మొహం పొట్టు రాలతాండాది గదమ్మా," అంది అమ్మ.

"రాలనీ. కింద కొత్త చర్మం వస్తాండాది," అన్నాను.

మర్నాడే పార్లరు ప్రారంభం. వాకిట్లో వీధి ఆడవాళ్లంతా చేరారు. మొదటి కుర్చీలో అంగన్‌వాడీ టీచరు రమణమ్మక్క కూర్చుంది. అద్దంలో తన మొహం చూసుకోకుండా, వెనకున్న నా మొహం చూసింది.

"ఏం పాపా, మొహానికి ఏమైంది?"

"ఏం కాలేదక్కా. బాగు చేసుకుంటాండా."

"నాకూ ఇట్లనే బాగు చేస్తావా?"

అక్క మెల్లగా కుర్చీ దిగింది. "ఏమనుకోవద్దు. నీది బాగైనాక వస్తా." ఆమె వెనకే అందరూ కొబ్బరి ముక్కలు తీసుకుని వెళ్లిపోయారు. ఏడుపొచ్చింది. కన్నీళ్లు తగిలి బుగ్గలు మండటంతో ఏడవడం కూడా కుదరలేదు.

మరుసటి రోజు నాయన కదిరిలో చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆమె అంతా విని ఒకటే అడిగింది.

"కాగితం అద్దేముందు మొహం కడిగినావా?"

"లేదు మేడమ్."

"ఎండలో నడిచొచ్చి అద్దితే వచ్చేది జిడ్డు కాదమ్మా, చెమట. నీది పొడి చర్మం."

"మూడు నెలలు చదివింది మేడమ్," అన్నాడు నాయన. పొగిడాడో ఎత్తిపొడిచాడో ఇప్పటికీ తెలియదు.

సబ్బు, మట్టి, నిమ్మకాయ మానేశాను. తేలికపాటి ఫేస్‌వాష్‌తో రెండుపూటలా కడగడం, తడి ఆరకముందే క్రీము రాయడం, ఎండలోకి పోతే సన్‌స్క్రీన్, గొడుగు. మూడు వారాలకు నా మొహం నాకు తిరిగొచ్చింది.

అప్పుడు చేసిన పనికి మాత్రం ఈరోజుకీ నన్ను నేనే మెచ్చుకుంటాను. నేరుగా రమణమ్మక్క ఇంటికి వెళ్లి, నలుగురి ముందే చెప్పాను.

"చెమట చూసి జిడ్డనుకున్నానక్కా. నాదే తప్పు."

అక్క కడుపు పట్టుకుని నవ్వింది. తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుని లేచింది. "తప్పు ఒప్పుకునేదాని చేతికి మొహం ఇచ్చేకి నాకేం భయం లేదు. పద."

ఇప్పుడు ఎవరొచ్చినా మొహం కడిగించి, ఏమీ పూయకుండా గంటసేపు ఫ్యాను కింద కూర్చోబెడతాను. ఆ తర్వాతే కాగితం. అంతటా మెరిస్తే జిడ్డు, నుదురూ ముక్కూ మాత్రమే మెరిస్తే మిశ్రమం, బిగుసుకుపోతే పొడి. "మా పాప దగ్గర కుర్చీ దొరకదప్పా," అని నాయన బస్టాండులో చెప్పుకుంటాడు. నిజమే, ఎండాకాలమైతే అసలు దొరకదు. రమణమ్మక్క ఈ ఒక్క మే నెలలోనే తన చర్మం ఏ రకమో ఏడుసార్లు తెలుసుకుంది.

కాబట్టి ఆ ఫ్యాను సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఎండలోంచి వచ్చిన ఏ మొహానికీ, అది నాదైనా సరే, గంట గాలి తగలనిదే ఈ జన్మలో తీర్పు చెప్పను. కరెంటు పోతే కేసు వాయిదా.