రెండు చేతులూ చాపితే ఆగాలి

గద్ద ఎవరి మాటా వినడు. ఈ సంగతి పెళ్ళైన కొత్తలోనే అతని భార్య కనిపెట్టింది. తర్వాత అత్తగారు కనిపెట్టింది, బావమరిది కనిపెట్టాడు. పన్ను పీకించుకోవడానికి వెళ్ళిన రోజున, ఎంత బతిమాలినా నోరు తెరవకపోయేసరికి పళ్ళ డాక్టరు కూడా కనిపెట్టాడు. "మా ఆయన చెవులు రెండూ పైన కేబిన్‌లో కొక్కేనికి తగిలించేసి ఇంటికొస్తాడు" అంటుంది ఆవిడ, చేతిలో కత్తెర ఆపకుండానే. ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని పరదాలు కుట్టే మనిషి. గుడ్డ చెప్పినట్టు వింటుంది, మొగుడు వినడు. అదొక్కటే ఆవిడ బాధ.

గద్ద అన్నది అమ్మానాన్న పెట్టిన పేరు కాదు. పెద్ద కట్టడాలు లేచేచోట, టవర్ క్రేన్ మెడ దగ్గరుండే గాజుగదిలో కూర్చుని, ఇనుపచువ్వల కట్టలూ కాంక్రీటు తొట్లూ ఎత్తి ఎక్కడికి కావాలంటే అక్కడికి చేర్చే ఆపరేటరు అతను. పొద్దున్నే నిచ్చెనలెక్కి పైకి పోతే పని అయ్యేదాకా దిగడు. తిండీ అక్కడే, కునుకూ అక్కడే. మిగతాదానికి ఒక ఖాళీ సీసా ఉంటుంది. పైనుంచి చూస్తే మేస్త్రీలు, ఇంజనీర్లు, యజమాని, అందరూ ఒకే సైజు. ఆ ఎత్తంటే అతనికి ప్రాణం.

మాట వినని ఈ మొండి మనిషి చేతి సైగ మాత్రం వింటాడు. వినడమంటే మామూలుగా కాదు. కింద సైగలు చేసే ఆవిడ వేలు తిప్పితే కొక్కెం లేస్తుంది, అరచెయ్యి కిందికి వంచితే దిగుతుంది. సైట్లో అందరూ ఆవిణ్ణి సైగలక్క అంటారు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి. డ్యూటీలో నిలబడిందంటే మాత్రం నోరు మూసుకుని చేతులతోనే మాట్లాడుతుంది. రేడియో ఉంది కానీ అందులో సగం మాట గాలే మింగేస్తుంది.

ఆ సైగలన్నిటిలోకీ ఒకటి పెద్దది. రెండు చేతులూ పక్కలకి బారుగా చాపితే ఆపేయాలి. ఆ ఒక్క సైగ మాత్రం సైగలక్కే చేయాలని లేదు, ఎవరు చేసినా ఆపేయాలి. ఊడ్చే మనిషి చేసినా సరే. ముందు ఆపు, తర్వాత అడుగు. ఒకసారి ప్లాస్టరింగ్ మేస్త్రీ భోజనం చేసొచ్చి ఒళ్ళు విరుచుకుంటూ రెండు చేతులూ చాపి ఆవులించాడు. పైన చువ్వల కట్ట ఠక్కున గాల్లో ఆగిపోయింది. సైటంతా పొట్ట పట్టుకుని నవ్వింది. గద్దకి మాత్రం నవ్వు రాలేదు. "ఆవులింతో ఆపదో పైనుంచి నాకేం తెలుస్తుంది? చేతులు చాచావు. ఆపాను. నిద్రొస్తే ముడుచుకుని ఆవులించు" అన్నాడు.

అలాంటివాడికి ఒంట్లో చక్కెర పెరిగింది. పట్టుకుంది డాక్టరు కాదు, సైగలక్కే. ఒక సీసాతో దిగేవాడు మూడు సీసాలతో దిగుతుంటే ఆవిడ ఊరుకోలేకపోయింది.

"ఏంట్రా తమ్ముడూ, పైన వానలు బాగా పడుతున్నాయా?"

"నీకెందుకక్కా? కందకి లేని దురద కత్తిపీటకెందుకు?"

"ఆ సీసాల మీద చీమలు పట్టి పోతున్నాయిరా, కంద మొహమా! పోయి చూపించుకో."

గద్ద వెళ్ళలేదు. బావమరిదిని పిలిపించి ఆటో ఎక్కించింది భార్య. మాత్రలతో తేలలేదు, సూదులదాకా వచ్చింది. సూది మందు వాడేవాణ్ణి క్రేన్ ఎక్కనివ్వాలా వద్దా అని సైటు పెద్దలు తర్జనభర్జన పడ్డారు. చివరికి కంపెనీ డాక్టరు ఒక దారి చూపించాడు. జబ్బకి వెనకవైపు ఒక సెన్సరు అంటించుకోవాలి. చొక్కా బొత్తాం కంటే కాస్త పెద్దది. దానికింద వెంట్రుకంత తీగ చర్మంలోకి దిగి ఉంటుంది. అది ఒంట్లో చక్కెర ఎంతుందో కొన్ని నిమిషాలకోసారి ఫోన్లో చూపిస్తుంది. అంకె పక్కన ఒక బాణం కూడా ఉంటుంది, పెరుగుతోందో పడిపోతోందో చెప్పడానికి. ఆ అంకె, కింద నేలమీద ఉన్నవాళ్ళలో ఒకరికి ఎప్పుడూ కనబడుతూ ఉండాలి. కొన్నాళ్ళు అలా చూసి, బాగుంటే కేబిన్ ఖాయం. లేదంటే స్టోరు గదిలో బోల్టులు, నట్లు పంచే పని.

స్టోరు గది మాట వినగానే గద్ద చొక్కా చెయ్యి పైకి మడిచాడు. "అంటించండి" అన్నాడు.

అంటించిన నాటి నుంచీ సణుగుడే. అంకె సైగలక్క ఫోన్లోనూ భార్య ఫోన్లోనూ కనబడుతుంది. మధ్యాహ్నం డబ్బా మూత తీశాడో లేదో ఇంటినుంచి ఫోను.

"ఏమయ్యా, బాణం నిటారుగా లేచింది. ఏం మింగావు?"

"నువ్వు పెట్టిందే మింగాను! జబ్బ మీద అత్తగారిని కూర్చోబెట్టారు నాకు."

"మా అమ్మనెందుకు అంటావు? ఆవిడ ఇంత తరచుగా అడగదు."

ఆ గొడవ పడలేక తన ఫోన్లో హెచ్చరిక చప్పుళ్ళన్నీ ఆపేశాడు. అంతటితో ఊరుకోలేదు. ఫోన్లో కనబడే గీత మీద అతనికో పిచ్చి పట్టుకుంది. అది కొండలా లేస్తే డాక్టరు మొహం చిట్లిస్తాడు. గీత తిన్నగా ఉంటే కేబిన్ ఉంటుంది. బరువుని వణుకు లేకుండా తిన్నగా మోసుకుపోవడమే కదా తన పనితనం! ఇదీ అంతే అనుకున్నాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. సూది మందు మాత్రం రాసినంతా వేసుకునేవాడు, తిండి తగ్గించేసేవాడు. గీత నేలబారుగా పాకుతుంటే మురిసిపోయేవాడు. చక్కెర మరీ పడిపోయినా ప్రమాదమేనని డాక్టరు చెప్పాడు. చెప్పింది నోటితో కాబట్టి గద్ద వినలేదు.

డాక్టరుకి గీత చూపించాల్సిన రోజు దగ్గరపడింది. తేల్చేసే రోజు. ముందురోజు మధ్యాహ్నం సూది వేసుకుని, డబ్బాలో పావువంతు తిని మూత పెట్టేశాడు. ఈ ఒక్కరోజూ గీత అద్దంలా ఉంటే చాలనుకున్నాడు.

భోజనాల తర్వాత చువ్వల కట్టని ఎత్తి, మేస్త్రీలు పనిచేస్తున్న అంతస్తు వైపు తిప్పుతున్నాడు. కింద సైగలక్క జేబులో ఫోను గిలగిల్లాడింది. తీసి చూస్తే అంకె డెబ్బై కంటే కిందికి దిగిపోయింది, బాణం నేల చూస్తోంది. రేడియో అందుకుంది.

"తమ్ముడూ, ఆపి, సంచిలో పళ్ళరసం ఉంది చూడు. తాగు."

"నాకేం కాలేదు."

"నీకు కాకపోతే నాకయిందిలే. తాగరా."

"నీ పని నువ్వు చూసుకోవే!"

సైగలక్క గతుక్కుమంది. ఇన్నేళ్ళలో గద్ద ఆవిణ్ణి అక్కా అనకుండా పిలవలేదు. 'వే' అని ఎప్పుడూ అనలేదు. ఆ మాట్లాడుతున్నది మనిషి కాదు, పడిపోతున్న చక్కెర అని అర్థమైంది. మళ్ళీ పిలిచేలోపు రేడియో గరగరమని ఆగిపోయింది. పైన కట్టేశాడు.

ఇంటినుంచి భార్య ఫోను కూడా అప్పటికి రెండుసార్లు మోగింది. గద్ద దాన్ని బోర్లా పెట్టాడు. అతనికి అందరిమీదా కోపంగా ఉంది. ఎందుకో తెలీదు. ఎండ మరీ తెల్లగా ఉంది. లివరు చేతిలో దూదిలా ఉంది. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. కట్టని ఎక్కడ దింపాలో ఇప్పుడే తెలిసినట్టుంది, అంతలోనే తెలియనట్టుంది. ఏదో ఒకచోట దింపేస్తే పోలా అనుకున్నాడు. కింద నారింజ రంగు చొక్కా ఒకటి పరిగెత్తుకుంటూ నడిమధ్యకి వచ్చింది. మేస్త్రీలని రెండు చేతులతో అటూ ఇటూ తోలేసింది. తర్వాత నిలబడి పైకి చూసింది.

రెండు చేతులూ పక్కలకి బారుగా చాపింది.

ఎందుకు అని గద్ద ఆలోచించలేదు. ఆలోచించే స్థితిలో లేడు. బుర్ర ఎటో తిరుగుతోంది గానీ చెయ్యి మాత్రం తనంతట తాను లివరు వదిలేసింది. కట్ట గాల్లో కాస్త ఊగి, ఇంకాస్త ఊగి, నిలబడింది.

సైగలక్క ఒక చెయ్యి దించి, గుప్పిట బిగించి బొటనవేలు నోటివైపు పెట్టి, తల పైకెత్తింది. ఆ సైగ ఏ పాఠంలోనూ లేదు. గద్ద వెర్రిమొహం వేసుకుని చూశాడు. మళ్ళీ చేసింది. తాగు! మూడోసారి మొత్తం ఒళ్ళు వెనక్కి వంచి మరీ చేసింది. అప్పుడు అతని చెయ్యి సంచిలోకి వెళ్ళింది.

ఆవిడ మళ్ళీ రెండు చేతులూ చాపి, అతను తాగుతున్నంతసేపూ, తాగిన తర్వాతా దించలేదు. దించితే వీడు మళ్ళీ లివరు పట్టుకుంటాడని భయం. "పొలంలో దిష్టిబొమ్మలా ఉన్నావక్కా" అన్నాడు ప్లాస్టరింగ్ మేస్త్రీ. "గద్దకోసమే కదరా, దిష్టిబొమ్మ ఉండాల్సిందే. నోరు మూసుకుని ఆ ఫోను నా కళ్ళముందు పట్టుకో" అంది. అతను పట్టుకున్నాడు. భుజాలు పీకుతున్నా ఆవిడ కళ్ళు మాత్రం అంకె మీదినుంచి పైకీ, పైనుంచి అంకె మీదికీ తిరుగుతూనే ఉన్నాయి. బాణం అడ్డంగా తిరిగింది. తర్వాత కొంచెం తలెత్తింది. ఈలోపు ఇంకో ఆపరేటరు ఆయాసపడుతూ నిచ్చెనలెక్కి పైకి చేరాడు. కట్ట దిగింది, తర్వాత గద్ద దిగాడు.

కింద సూపర్‌వైజరు కాచుకుని ఉన్నాడు. "రేడియో కట్టేస్తావా? కింద మనుషులున్నారా లేదా? ఇక నీ కేబిన్‌కి దండం!"

గద్ద నేల చూశాడు. సైగలక్క మోచేతులు నొక్కుకుంటూ అడ్డం వచ్చింది. "తిట్టండి. రేడియో కట్టేసినందుకు బాగా తిట్టండి. మిగిలితే నేనూ తిడతాను. కానీ ఒళ్ళు తెలియనప్పుడు కూడా సైగ చూసి ఆపాడు, అది కూడా రాసుకోండి."

మర్నాడు డాక్టరు గీత చూశాడు. అద్దంలా పాకుతూ వచ్చి చివర్లో గోతిలోకి దూకేసింది. "గీత అందంగా ఉండాలని నేనెప్పుడు చెప్పానయ్యా? ఇది నువ్వు తిండి మానేసి గీసిన బొమ్మ" అన్నాడు. సూది మందు ఒకసారి ఒంట్లోకి వెళ్ళాక మనం వద్దన్నా గంటలకొద్దీ పనిచేస్తూనే ఉంటుందనీ, సెన్సరు చెప్పే అంకె కూడా రక్తంకంటే కొన్ని నిమిషాలు వెనకే నడుస్తుందనీ వివరించాడు.

గద్ద అరచేతిని గాల్లో ఊపి చూపించాడు. "లివరు వదిలినా సరుకు ముందుకి ఊగుతుంది. అందుకే మేం ముందే వదులుతాం. అలాగా?"

"అచ్చంగా అలాగే" అన్నాడు డాక్టరు. కేబిన్ గురించి మాత్రం ఏమీ తేల్చలేదు. "కొన్నాళ్ళు నేలమీద ఉండు. తర్వాత చూద్దాం."

స్టోరు గదికి పంపకుండా సైగలక్క అతన్ని తన దగ్గరే ఉంచుకుంది. నారింజ చొక్కా ఒకటి మీదికి విసిరి "నేర్చుకో" అంది. మొదటిసారి కిందినుంచి పైకి చూశాడు గద్ద. మెడ నొప్పి, కళ్ళలో ఎండ. పైనున్నవాడి మొహం కనబడదు, గాజు మెరుపు ఒక్కటే కనబడుతుంది. మనం చేసింది వాడు చూశాడో లేదో కొక్కెం కదిలేదాకా తెలీదు. ఆ కాస్త సేపట్లో గుండె నోట్లోకి వస్తుంది.

"ఇన్నాళ్ళూ ఇలాగే ఉండేదా అక్కా?"

"నువ్వు రేడియో కట్టేసినరోజు ఇంతకంటే ఎక్కువ" అంది ఆవిడ.

ఇంట్లోనూ ఒకటి జరిగింది. ఒకరోజు సాయంత్రం సూది వేసుకుని కూర్చున్నాక, ఏదో మాటకి మాట పెరిగింది. "నాకు తిండీ వద్దు, ఏమీ వద్దు" అని చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. భార్య అరవలేదు. కుట్టుమిషను ముందునుంచి లేచి, వాకిలికి అడ్డంగా నిలబడి, రెండు చేతులూ బారుగా చాపింది. ఒక చేతినుంచి సగం కుట్టిన పరదా వేలాడుతోంది.

గద్ద కాళ్ళు ఉన్నచోటే ఆగిపోయాయి.

"ఎవరు నేర్పారే నీకు?"

"ఎవరైతే ఏం? ఎవరు చేసినా ఆగాలటగా!" అంది. పెదవి బిగబట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు. ఆ తర్వాత కొంచెం ఏడుపు కూడా వచ్చింది. "ఆరోజు నేను రెండుసార్లు ఫోను చేశానయ్యా. అంకె పడిపోతుంటే ఇక్కడ గుడ్డ ముందు కూర్చుని చూస్తూ ఉన్నాను. నాకు చేతులు చాపడానికి కూడా లేదు అక్కడ."

గద్ద చెప్పులు విడిచి వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. తిన్నాడు. ఫోను తీసుకుని, ఆపేసిన చప్పుళ్ళన్నీ ఒక్కొక్కటే మళ్ళీ పెట్టుకున్నాడు.

డాక్టరు చివరికి సరేనన్నాడు. గీత తిన్నగా లేదు, మిట్టపల్లాలున్నాయి. కానీ గోతులు లేవు. సూపర్‌వైజరు రెండు షరతులు పెట్టాడు: రేడియో ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి, సైగలక్క ఫోన్లో అంకె ఎప్పుడూ కనబడాలి. గద్ద ఒప్పుకున్నాడు. సంచిలో తిండి డబ్బా, పళ్ళరసం, ఒకే ఒక్క సీసా పెట్టుకుని నిచ్చెనలెక్కాడు.

ఆ మధ్యాహ్నం పని మంచి ఊపు మీద ఉంది. కాంక్రీటు తొట్టి నింపి కొక్కేనికి తగిలించారు. సైగలక్క వేలు తిప్పింది, ఎత్తమని. కొక్కెం కదల్లేదు. మళ్ళీ తిప్పింది. కదల్లేదు. ఆవిడ ఫోను తీసింది. అంకె బాగానే ఉంది. బాణం మాత్రం ఇప్పుడిప్పుడే కొంచెం కిందికి ఒరుగుతోంది. ఫోను ఇంకా చప్పుడు కూడా చేయలేదు.

తల పైకెత్తింది. మబ్బు పట్టడంతో మెరుపు లేని గాజు అవతల గద్ద లేచి నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ పక్కలకి, ఆ ఇరుకు గది గోడలకి తగిలేలా చాపి ఉన్నాడు. తర్వాత ఒక చెయ్యి దించి, బొటనవేలు నోటికి పెట్టి, తల వెనక్కి వంచాడు.

"ఏమైందక్కా, మళ్ళీనా?" అన్నాడు ప్లాస్టరింగ్ మేస్త్రీ కంగారుగా.

"ఏం కాలేదురా. ఆపమంటున్నాడు, ఆగండి. మావాడు తింటున్నాడు" అంది సైగలక్క. అని, అక్కడే ఉన్న ఇటుకల దొంతర మీద చతికిలబడి, తన డబ్బా మూత కూడా తీసింది.